గ్రైండింగ్ పనిలో 19 ఏళ్లు: మాట వినపడుతోంది, అర్థం కావడం లేదు

ప్రశ్న:
నా వయసు 44. వెల్డింగ్ అతుకుల్ని గ్రైండర్‌తో నున్నగా చేసే పని నాది. చేరిన కొత్తలో డ్యూటీ దిగాక చెవిలో సన్నగా కీచుమనేది, తెల్లారేసరికి పోయేది. కొన్నాళ్లకు అది కూడా పట్టించుకోవడం మానేశాను. ఇప్పుడు ఆ మోత రాత్రంతా ఉంటోంది. మా పాప మాట్లాడితే గొంతు వినపడుతుంది, కానీ 'పాలు' అందో 'చాలు' అందో తెలియదు. మగవాళ్ల మాట కాస్త నయం. నొప్పి లేదు, చీము లేదు. ఇది పని వల్లేనా? మందులతో తగ్గుతుందా? నాకు వేరే పని రాదు, అదే టెన్షన్.

జవాబు 1:
నేను వినికిడి పరీక్షలు చేస్తుంటాను. మీరు చెప్పిన తీరు పని శబ్దం వల్ల వచ్చే నష్టంలాగే ఉంది. అది ముందుగా 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య, అంటే కీచుగా ఉండే పై స్థాయి శబ్దాల్లో మొదలవుతుంది. వినికిడి పరీక్ష గ్రాఫ్‌లో 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా కనిపిస్తుంది. స, చ లాంటి హల్లుల స్పష్టత ఆ పై శబ్దాల్లోనే ఉంటుంది. అచ్చులు కింది శబ్దాలు, అందుకే గొంతు వినపడి మాట జారిపోతుంది. లోపలి చెవిలోని సన్నటి కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు, వాటిని తిరిగి తెచ్చే మందు లేదు. మిగిలినదాన్ని మాత్రం కాపాడుకోవచ్చు. ఆడియోమెట్రీ (ఏ శబ్దం ఎంత వినపడుతుందో చూసే పరీక్ష) చేయించుకోండి. దానికి ముందు కనీసం 14 గంటలు మోతకు దూరంగా ఉండండి, లేకపోతే ఆ రోజు మోత వల్ల చెవికి కలిగిన అలసట కూడా లెక్కలోకి వస్తుంది. ఒక చెవి ఒక్కసారిగా వినపడకుండా పోతే మాత్రం అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

జవాబు 2:
అన్నా, నాదీ ఇదే పని. మాకు ట్రైనింగ్‌లో చెప్పిన లెక్క ఇది: మోత 85 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలత) అయితే రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు టైమ్ సగం. అంటే 100 దగ్గర 15 నిమిషాలే! గ్రైండర్ మోత ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. నేను పదేళ్లు చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు వాడాను గానీ సగం బయటికే ఉండేవి. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి నెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. దూది పనికిరాదు. పని మానకముందు ఇది చేసి చూడు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను పెట్టుకున్నది ఇన్నాళ్లూ దూదే. రేపు ప్లగ్గులు అడుగుతాను. పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పెదాలు చూస్తూ మాట్లాడుతున్నాను, కొంచెం తేడా తెలుస్తోంది. ఆదివారం సెలవు, కాబట్టి సోమవారం డ్యూటీకి ముందే పరీక్షకు వెళ్తాను. గ్రాఫ్ రాగానే ఇక్కడ రాస్తాను.