ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యం: గోదావరి జిల్లాల తల్లిదండ్రులు, పిల్లలు మీ అనుభవాలు రాయండి

రాజోలు అమ్మ:
అందరికీ నమస్కారమండి. మా అమ్మాయి ఈ ఏడాదే బీటెక్ పూర్తి చేసింది. ఉద్యోగం కూడా వచ్చింది. చేరేటప్పుడు ఒరిజినల్స్ తెమ్మన్నారు. వాటికోసం కాలేజీ ఆఫీసుకు వెళ్తే గుమస్తా గారు బీరువా తెరిచి, మా అమ్మాయి కవరు బయటికి తీశారు. దాని మీద పెన్సిల్‌తో ఒక అంకె రాసి ఉంది. అది చూపించి, కవరు మళ్లీ లోపల పెట్టి తాళం వేసేశారు. మేం ఎగ్గొట్టిన డబ్బు కాదండి అది. ప్రభుత్వం నుంచి కాలేజీకి రావాల్సిన వాయిదాలు. "ముందు మీరు కట్టేయండి, మాకు పడ్డాక తిరిగి ఇస్తాం" అన్నారు. అంత డబ్బు ఇంట్లో ఉంటే అసలు దరఖాస్తే పెట్టేవాళ్లం కాదు కదా. మా వారిది నాలుగెకరాల కౌలు వ్యవసాయం. నా గాజులు రెండూ తాకట్టు పెట్టాం. పిల్ల సంతోషంగా చేరాల్సిన ఉద్యోగానికి ఏడుస్తూ చేరింది.

ఇలాంటివి మీకూ జరిగాయా? ఏం చేశారు? పథకంలో ఏం మారితే ఈ బాధ తప్పుతుందో కూడా రాయండి. అన్నీ కలిపి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దామని ఉంది.

తణుకు కుర్రాడు 09:
అక్కా, నేను 2009లో ఇంజినీరింగ్‌లో చేరాను. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలుపెట్టిన కొత్త. మా నాన్న రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. ఆ పథకమే లేకపోతే నేనూ ఆ మిల్లుకే వెళ్లేవాణ్ని. అందుకే దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆలస్యం అప్పుడూ ఉంది. ఫైనలియర్‌లో హాల్ టికెట్ల దగ్గర మా పేర్లు విడిగా చదివేవారు. "రీయింబర్స్‌మెంట్ వాళ్లు ఇటు నిలబడండి" అనేవారు. ఆ లైన్లో నిలబడటం ఇప్పటికీ గుర్తుంది. పదహారేళ్లలో పథకం పేరు మారింది, డబ్బు పడే ఖాతా మారింది, ఆ లైను మాత్రం మారలేదన్నమాట.

ఆకివీడు:
ఖాతాల గొడవ గురించి నేను చెప్తాను. 2020లో ఈ పథకమే విద్యా దీవెన అనే పేరుతో వచ్చాక ఫీజు తల్లి ఖాతాలో వేశారు, ఏడాదికి నాలుగు వాయిదాలు. మేం వెళ్లి కాలేజీలో కట్టాలి. మంచి ఆలోచనే అనుకున్నాను, ఫీజు ఎంతో మాకూ తెలుస్తుంది, కాలేజీలో అడిగే హక్కు వస్తుంది. తీరా ఒక వాయిదా పడిన రోజే మా బ్యాంకు పాత డ్వాక్రా అప్పు కింద పట్టేసుకుంది. కాలేజీ వాళ్లు మాత్రం "మీకు పడింది, మీరే వాడేసుకున్నారు" అన్నారు. 2024-25 నుంచి మళ్లీ నేరుగా కాలేజీ ఖాతాకే అన్నారు. ఇప్పుడు పడిందో లేదో మాకు తెలియదు, కాలేజీ ఏం చెప్తే అదే. ఎవరి ఖాతాలో వేసినా నాకు అభ్యంతరం లేదండి. పడిన రోజు తల్లి ఫోనుకు మెసేజ్ రావాలి, ఏ తారీఖున పడుతుందో ముందే చెప్పాలి. ఆ రెండూ ఏ పద్ధతిలోనూ మాకు దక్కలేదు.

సచివాలయం ఉద్యోగి (కోనసీమ):
నేను గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని. దరఖాస్తులు నా చేతుల మీదుగానే వెళ్తాయి. మావైపు కనిపించేది చెప్తాను.

వార్షికాదాయం 2.5 లక్షలు దాటకూడదు. మాగాణి పదెకరాలు, మెట్ట పాతికెకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు. ఆదాయపు పన్ను కట్టకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. చదివితే సబబుగానే ఉంటాయి. చిక్కంతా ఇంటి సభ్యుల మ్యాపింగ్‌లో, అంటే ఏ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చూపే ప్రభుత్వ లెక్కలో వస్తుంది. అన్నకు పెళ్లై హైదరాబాద్‌లో వేరే కాపురం ఉంటాడు, కానీ మ్యాపింగ్‌లో ఇంకా ఈ ఇంట్లోనే చూపిస్తుంది. అతను కట్టే పన్నుకు చెల్లెలి ఫీజు ఆగిపోతుంది. ఆన్‌లైన్‌లో వచ్చేది 'అనర్హులు' అని ఒక్క ముక్క. ఎందుకో తెలుసుకోడానికి ఆ పిల్ల నా చుట్టూ, నేను మండలాఫీసు చుట్టూ.

ఇంకొకటి, వేలిముద్ర. మా ఊరి ఆడవాళ్లు చాలామంది రొయ్యల ప్లాంటుకు వెళ్తారు. తెల్లారేసరికి వ్యాన్ వస్తుంది. ఐసులో చేతులు పెట్టి రోజంతా తలలు తీస్తారు. కొందరు ఇంటి దగ్గర కొబ్బరి పీచుతో తాళ్లు పేనుతారు. పోయినేడు ఒకావిడ వచ్చి వేలు పెడితే మిషన్ తీసుకోలేదు. పదివేళ్లూ పెట్టించాను. కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్లీ పెట్టించాను. వేళ్ల చివర్లు నున్నగా, తెల్లగా పాలిపోయి ఉన్నాయి, గీత అన్నది లేదు. "నా చేతులు మంచివి కాదా బాబూ?" అంది. ఐరిస్ స్కానర్ తెప్పించి కంటితో చేస్తే అర నిమిషంలో అయిపోయింది. అప్పటికి ఆవిడకు నాలుగు రోజుల కూలి పోయింది. మీ దగ్గరా ఇలా జరిగితే ఐరిస్ అడగండి, మొహమాటపడకండి. అలాగే బ్యాంకు ఖాతాకు ఆధార్ ఇవ్వడం ఒకటి, ఆ ఖాతా ఎన్‌పీసీఐ మ్యాపింగ్‌లో, అంటే ఆధార్ ద్వారా వచ్చే ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాకు వెళ్లాలో చూపే జాబితాలో ఉండటం ఇంకొకటి. రెండోది లేకపోతే డబ్బు వెనక్కి పోతుంది. దరఖాస్తు పెట్టే ముందే బ్యాంకులో చూపించుకోండి.

పి.గన్నవరం లంక:
హాజరు గురించి ఎవరూ రాయలేదు. 75 శాతం ఉండాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది కదా, మా లంక చుట్టూ నీళ్లే. దాదాపు మూడు వారాలు నేను కాలేజీ మొహం చూడలేదు. నీళ్లు తీశాక కూడా ఇంట్లో బురద ఎత్తిపోయడానికే సరిపోయింది. అమ్మతో కలిసి నా పుస్తకాలు గోడ మీద ఎండబెట్టాను, సగం అట్టలు ఊడిపోయాయి. ఆ సెమిస్టర్‌లో నాకు 71 శాతం వచ్చింది. వరద సంగతి అందరికీ తెలుసు, మా ఊరి పేరు ముంపు జాబితాలో ఉంది, కానీ హాజరు మిషన్‌కు అది తెలియదు. తహసీల్దార్ గారి దగ్గర కాగితం తెచ్చి ఇచ్చాను. తీసుకున్నారు, ఆ వాయిదా మాత్రం రాలేదు. ముంపు గ్రామాల పిల్లలకు ఆ రోజులు లెక్కలోంచి తీసేయాలి. అర్జీలో ఇది తప్పకుండా రాయండి అక్కా.

రాజమండ్రి హాస్టల్:
వసతి డబ్బు కూడా. వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదివేవాళ్లకు ఏడాదికి 20 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, ఐటీఐకి 10 వేలు అని పెట్టారు. 20 వేలంటే నెలకు 1,700 కూడా కాదు. రాజమండ్రిలో మెస్ బిల్లుకు అది ఏ మూలకు? పైగా మెస్ వాడికి ప్రతి నెలా ఒకటో తారీఖున కట్టాలి. నేను రెండేళ్లు రాత్రిపూట భోజనం మానేసి అరటిపళ్లతో గడిపాను, ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

నాకు అంతకంటే బాధ పీజీది. 2020 చివర్లో వచ్చిన 77వ నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకు రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటు రాని మా క్లాస్‌మేట్స్ ఎమ్మెస్సీ ఆశ అక్కడితో వదిలేశారు. ఒకమ్మాయి మా బ్యాచ్ కెమిస్ట్రీ టాపర్. ఇప్పుడు అమలాపురంలో బట్టల షాపులో చేస్తోంది.

చిన్న కాలేజీ లెక్చరర్:
కాలేజీల వైపు నుంచి ఒక మాట, కోప్పడకండి. సర్టిఫికెట్లు ఆపడం తప్పే, నేను సమర్థించను. కానీ మా కాలేజీలో పదిమందిలో ఎనిమిదిమంది ఈ పథకం మీదే చదువుతున్నారు. వాయిదా రాకపోతే మా జీతాలు ఆగుతాయి. పోయినేడు ఐదు నెలలు జీతం లేదు, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుని బతికాం. ల్యాబ్‌లో రసాయనాలు కొనడం ఆపేశారు. బురెట్ పట్టుకోకుండానే పిల్లలు కెమిస్ట్రీ పాసైపోయారు. ఆలస్యం నష్టం ఒక్క సర్టిఫికెట్ దగ్గరే ఆగదు, చదువు లోపలిదాకా వస్తుంది.

ఆకివీడు:
కోపం లేదు సార్. కానీ జీతం ఆగినందుకు మీరు ప్రభుత్వాన్ని అడగగలరు, యాజమాన్యాన్ని అడగగలరు. మా పిల్ల ఎవర్ని అడుగుతుంది? బీరువా తాళం ఒక్కటే దాని ముందు కనిపించేది.

చిన్న కాలేజీ లెక్చరర్:
నిజమే అమ్మా. ఒప్పుకుంటున్నాను.

రిటైర్డ్ మాస్టారు, భీమవరం:
అమ్మా రాజోలు తల్లీ, మీ అర్జీకి పనికొచ్చే మాటలు కొన్ని చెప్తాను.

మొదటిది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని ఉన్నత విద్యను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబర్‌లోనే స్పష్టంగా చెప్పింది. చేరేటప్పుడు సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఈసారి ఎవరైనా ఇవ్వనంటే నోటితో అడగవద్దు. కాగితం మీద అడిగి, మీ కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. మా వీధి కుర్రాడికి అలా రాసి ఇచ్చిన మూడో రోజునే కవరు చేతికి వచ్చింది.

రెండోది ఆదాయ పరిమితి. ఎస్సీ పిల్లల పోస్ట్‌మెట్రిక్ (పదో తరగతి తర్వాతి చదువుల) స్కాలర్‌షిప్‌కు 2.5 లక్షల గీత 2013 నాటిది. ఇద్దరు కూలీలు రోజుకు చెరో 500 తెచ్చుకుని ఏడాదిలో 250 రోజులు పనికి వెళ్తే సరిగ్గా 2.5 లక్షలు. ఇంకో పది రోజులు పని దొరికితే వాళ్లు గీత దాటినట్టే. విద్యారుణం మీద వడ్డీ రాయితీకి కేంద్రమే 4.5 లక్షల దాకా ఒప్పుకుంటోంది. అగ్రవర్ణ పేదల ఈడబ్ల్యూఎస్ కోటాకు 8 లక్షలు. కూలివాడి బిడ్డకే ఇంత చిన్న గీత ఎందుకు? నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, దీనికి నాకు జవాబు దొరకలేదు.

మూడోది. ఎస్సీ స్కాలర్‌షిప్‌లో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించాలని 2020 డిసెంబర్‌లో నిర్ణయమైంది. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అంటే ఒకే ఫీజు రెండు ముక్కలుగా, రెండు వేర్వేరు రోజుల్లో వస్తుంది. కాలేజీ మాత్రం మొత్తం ఒకేసారి అడుగుతుంది. రెండూ పూర్తిగా వచ్చేవరకు ఆ పిల్ల పేరున ఏ బకాయీ చూపకూడదని రాయండి. అది ప్రభుత్వం, కాలేజీ తేల్చుకోవాల్సిన లెక్క, పిల్ల అప్పు కాదు.

తణుకు కుర్రాడు 09:
మాస్టారూ, ఇది అర్జీలో మొదటి వాక్యంగా పెట్టాలి.

రాజోలు అమ్మ:
రాత్రంతా కూర్చుని అన్నీ చదివానండి. హాస్టల్ తమ్ముడూ, ఆ అరటిపళ్ల సంగతి అమ్మకు చెప్పు నాన్నా, దాచుకోకు.

మా అమ్మాయి ఫోన్లోనే అర్జీ టైపు చేసి పంపింది. మాస్టారి మాటే మొదట పెట్టింది, ప్రభుత్వ బకాయిని పిల్ల పేరున చూపకూడదని. తర్వాత ఏ వాయిదా ఏ తారీఖున వస్తుందో కాలేజీ తెరిచే ముందే ప్రకటించాలని, పడగానే తల్లికి మెసేజ్ రావాలని రాసింది. మెస్ డబ్బు నెలనెలా ఇవ్వమంది. ముంపు రోజులు, ఐరిస్, 'అనర్హులు' అన్నప్పుడు కారణం తెలుగులో చెప్పడం, ప్రైవేటు పీజీ, ఆదాయం గీత, అన్నీ ఉన్నాయి. రెండు పేజీలు అయింది.

సోమవారం పొద్దున్న పదింటికి అమలాపురం కలెక్టరేట్ గేటు దగ్గర ఉంటాను. పశ్చిమ గోదావరి వాళ్లు ఇదే కాగితం భీమవరంలో ఇవ్వండి. వచ్చేవాళ్లు దరఖాస్తు నంబరు, కాలేజీ రసీదుల జిరాక్సులు తెచ్చుకోండి. లంక బాబూ, తహసీల్దార్ గారిచ్చిన ఆ వరద కాగితం కాపీ నీ దగ్గర ఉందా? ఉంటే తప్పకుండా తీసుకురా.

పి.గన్నవరం లంక:
ఉందక్కా. కొంచెం తడిసింది, కానీ స్టాంపు కనిపిస్తోంది. మొదటి పడవకే బయల్దేరతాను.