జీన్స్ ఘనత లీవై స్ట్రాస్‌దా, దర్జీ జేకబ్ డేవిస్‌దా?

చరిత్రపిచ్చి: లీవై స్ట్రాస్ 1829లో బవేరియాలో పుట్టాడు. పద్దెనిమిదేళ్లకు అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లో అన్నల బట్టల వ్యాపారంలో చేరాడు. 1853లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సొంత టోకు కొట్టు పెట్టాడు. జీన్స్ అంటే అందరూ ఆయన పేరే చెబుతారు. అది న్యాయమేనా?

గల్లాపెట్టె: న్యాయమే. బంగారు గనుల కూలీలకు టెంటు గుడ్డతో ప్యాంట్లు కుట్టింది ఆయనేగా?

చరిత్రపిచ్చి: అది కట్టుకథండీ. 1906 భూకంపం, మంటల్లో కంపెనీ రికార్డులు పోయాయి, ఇలాంటి కథలు మిగిలాయి. కుట్టింది నెవాడాలోని రీనో ఊరి దర్జీ జేకబ్ డేవిస్. ఒక కట్టెలు కొట్టేవాడి భార్య వచ్చి, మా ఆయనకు చిరగని ప్యాంటు కావాలంది. డేవిస్ గుర్రం దుప్పట్ల పట్టీలకు వేసే రాగి రివెట్లు, అంటే కొట్టి బిగించే చిన్న మేకులు, తీసి జేబు మూలల్లో బిగించాడు.

కుట్టుమిషన్: మా నాన్న కథా ఇదే. బట్టల కొట్టు అరుగు మీద మిషను వేసుకునేవాడు. పిల్లలు బల్లల మీద జారి చింపేస్తున్నారని స్కూలు లాగులకు వెనక రెండో గుడ్డ వేసి కుట్టాడు. కొట్టాయన ‘మా స్పెషల్ లాగు’ అని బోర్డు పెట్టి అమ్ముకున్నాడు.

గల్లాపెట్టె: రెండూ ఒకటెలా అవుతాయి? 1872లో డేవిసే లీవైకి ఉత్తరం రాశాడు, పేటెంటు ఖర్చు 68 డాలర్లు మీరు పెట్టుకోండి, సగం హక్కు ఇస్తానని. 1873 మే 20న వచ్చిన 139,121 నంబరు పేటెంటులో కనిపెట్టినవాడిగా ఉన్నది డేవిస్ పేరే.

కుట్టుమిషన్: 68 డాలర్లు! ఆ మొదటి ప్యాంటు 3 డాలర్లకు అమ్మాడు. ఇరవై మూడు ప్యాంట్ల డబ్బుకి సగం హక్కు పోయింది.

రవ్వదోశ: అసలు ఇలాంటి ముతక ప్యాంటు గుడ్డకు వాడే డంగరీ అన్న మాటే బొంబాయి డోంగ్రీ నుంచి వెళ్లింది. నేసినవాళ్ల సంగతి ఎవరూ ఎత్తరేం?

గల్లాపెట్టె: 68 దగ్గరే ఆగిపోతారేంటండీ? డేవిస్ గుడ్డ కొన్నదే లీవై దగ్గర. తర్వాత ఫ్యాక్టరీకి పెట్టుబడి ఎవరిది?

కుట్టుమిషన్: కొట్లో కూర్చునేవాళ్లకు చేతిపని ఎప్పుడూ కనపడదు.

గల్లాపెట్టె: అవును, మాది కొట్టే. మా తాత వరసగా మూడు దసరాలు సరుకు అమ్ముడుపోక అప్పులపాలయ్యాడు. దర్జీకి శనివారం కూలి మాత్రం ఒక్క వారం ఆపలేదు. ఆ నష్టంలో వాటాకి ఎవరొచ్చారు?

చరిత్రపిచ్చి: ఇద్దరూ కాస్త తగ్గండి. డేవిస్‌ కూడా శాన్‌ఫ్రాన్సిస్కోకు మారి, ఏళ్ల తరబడి ఆ ప్యాంట్ల తయారీ దగ్గరుండి చూసుకున్నాడు.

కుట్టుమిషన్: మా నాన్నకూ కూలి ఆపలేదు, అబద్ధమెందుకు. ఆయన డబ్బు అడగలేదండీ. బోర్డు మీద కింద చిన్న అక్షరాల్లో తన పేరు రాయమన్నాడు. కొట్టాయన నవ్వి ఊరుకున్నాడు.

గల్లాపెట్టె: అది తప్పే. కానీ డేవిస్ పేరు పేటెంటు కాగితం మీద ఉందిగా?

కుట్టుమిషన్: కాగితం ఎవరు చూస్తారండీ? ప్యాంటు వెనక నడుం దగ్గర కుట్టే ముక్క మీద లేదుగా.