అప్‌డేట్: సంఘాన్ని వదిలి వెళ్ళలేదు

నిరుడు నేను అడిగింది ఇది: ఒంగోలు దగ్గరి పల్లెలో చిన్న క్రైస్తవ సంఘానికి కాపరిగా (పాస్టరుగా) వచ్చి రెండేళ్ళయినా ఆదివారం ముప్పై మందికి మించడం లేదు, పెద్దలు రెండు వర్గాలయ్యారు, వదిలి వెళ్ళిపోనా? ‘ముందు మనుషుల దగ్గరికి వెళ్ళండి, మార్పుల సంగతి తర్వాత’ అని చాలామంది చెప్పారు. అలాగే చేశాను.

కోసిన పొగాకును పొయ్యి వేడితో ఆరబెట్టే రోజుల్లో జనం గుడికి రాలేరు. అందుకని రాత్రిళ్ళు నేనే బ్యారన్ల (పొగాకు ఆరబెట్టే కొట్ల) దగ్గరికి వెళ్ళాను. పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ కూర్చునే ఒక పెద్దాయన మూడో రాత్రి గాని నోరు విప్పలేదు. ఆయన కోపం నా మీద కాదు, పాత కానుకల లెక్క ఎవరూ చెప్పలేదని! ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం లెక్క చదువుతున్నాం, ఆడవాళ్ళు తెచ్చే గుప్పెడు బియ్యం అమ్మిన డబ్బుతో సహా. మొన్న రెండు వర్గాల వాళ్ళూ ఒకే చాప మీద కూర్చున్నారు. నా కళ్ళు చెమర్చాయి.

ఒక సోదరి ఒంగోలు ప్రార్థన కొండను గుర్తు చేశారు. అమెరికన్ మిషనరీలు జ్యూయెట్ దంపతులు అక్కడ ప్రార్థించింది 1854 జనవరి 1న. వారి తర్వాతి మిషనరీ క్లౌ దొర ఒంగోలుకు కాపురం వచ్చింది 1866లో. గుండ్లకమ్మ ఏటిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందింది 1878 జులై 3న. ఆ ప్రార్థనకూ ఈ బాప్తిస్మాలకూ మధ్య ఇరవై నాలుగేళ్ళు! నేను రెండేళ్ళకే నీరుగారిపోయాను.

ఇప్పుడు నలభై మందికి పైగా వస్తున్నారు. యువకులు మాత్రం ఇంకా గుమ్మం బయటే నిలబడుతున్నారు. వాళ్ళతో మాట కలిపిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.