సానపట్టడమా, సానపెట్టడమా?

నగిషీ చెక్కే ఉలి మొనను తీర్చుకోవడం గురించి, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో ఒక చిన్న పాఠం రాస్తున్నాను. రెండో వాక్యంలోనే ఆగిపోయాను. 'సానపట్టాలి' అని రాశాను, కొట్టేసి 'సానపెట్టాలి' అన్నాను, మళ్లీ మొదటి మాటకే వచ్చాను. పత్రికల్లో రెండూ కనిపిస్తాయి. 'ప్రతిభకు సానపెట్టారు' అనడం వాడుకలో స్థిరపడింది కూడా, దాన్ని తప్పు అనను. కానీ పనిముట్టు చేతిలో ఉన్నప్పుడు నాకు 'పట్టు' అన్న క్రియే సరైనదనిపిస్తోంది. ఎందుకో చెప్పాలంటే ముందు పని సంగతి కొంత చెప్పాలి.

ఈ ఉలి మొన చాలా సన్నం. ముందువైపు పలకను సుమారు 45 డిగ్రీల వాలులో తీస్తారు. అడుగున మడమలాంటి ఇంకో చిన్న పలక ఉంటుంది, దాన్ని 15 నుంచి 20 డిగ్రీల వాలులో తీస్తారు. ఆ మడమ పొడవు చాలాసార్లు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అంత చిన్న చోట వాలు తప్పకూడదు కాబట్టి ఉలిని ఒక చట్రంలో బిగించి, వజ్రపు పొడి పట్టించిన తిరిగే బిళ్లకు ఆనిస్తారు. నా చట్రం అడుగుభాగం తేలిక. వేలితో కాస్త ఒత్తితే ఒక పక్క లేచేది. ఆ తేడా భూతద్దం కింద దొరికిపోతుంది. మొనను దీపం వైపు తిప్పినప్పుడు, చదునుగా వచ్చిన పలక ఒక్కసారిగా మెరుస్తుంది. చట్రం కదిలినప్పుడు వచ్చిన పలక మీద వెలుగు ఒక అంచు నుంచి రెండో అంచుకు మెల్లగా పాకుతుంది. అలాంటి ఉలితో గీత మొదలుపెడితే మధ్యలో జారి పక్కకు పోతుంది.

అడుగున నాలుగు మూలలా చిన్న నియోడిమియం అయస్కాంతాలు అతికించి, చట్రాన్ని ఒక మందపాటి ఇనుప రేకు మీద పెట్టాను. లేవడం ఆగింది. పక్కకు జరగడం ఆగలేదు. అయస్కాంతం కిందికి గట్టిగానే లాగుతుంది, పక్కకు తోస్తే మాత్రం అడ్డుకునేది రాపిడి ఒక్కటే. అటూ ఇటూ తోసి చూస్తుంటే నోటికి వచ్చిన మాట ఇది: దీనికి అంటు ఉంది, పట్టు లేదు.

ఆ మాట అన్నాకే సూదంటురాయి గుర్తొచ్చింది. సూది, అంటు, రాయి. పారే నీటిని 'పారు నీరు' అన్నట్టే, సూదులు అంటుకునే రాయి 'సూదంటురాయి'. సంస్కృతంలో అయస్సు అంటే ఇనుము, కాంతం అంటే ప్రియమైనది, కాబట్టి 'అయస్కాంతం'లో ఒక అనురాగం ఉంది. సూదంటురాయి అన్నవాళ్లు కంటికి కనబడిందే చెప్పారు. 'అంటు' అన్నారు గానీ 'పట్టు' అనలేదు. ఆ రాయి చేసే పనికి ఇంతకన్నా కచ్చితమైన మాట నాకు తెలియదు.

సాన దగ్గరికి వస్తే ఉన్నది పట్టే. నూరడం వేరు. మందు నూరినా కత్తి నూరినా చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడుతుంది. 'కత్తులు నూరుతున్నారు' అన్న జాతీయంలోనూ ఆ కదలికే వినిపిస్తుంది. సానపట్టేటప్పుడు తిరిగేది సాన, నిలబడాల్సింది చెయ్యి. 'పెట్టు'లో ఆ నిలకడ లేదు. 'పదును పెట్టు' పక్కనే ఉండడం వల్ల 'సానపెట్టు' కూడా వచ్చి ఉంటుందని నా ఊహ.

* * *

వివరణ బాగుందండీ, విభక్తి దగ్గర ఒక చిక్కుంది. 'కత్తికి సానపట్టు' అంటాం కదా, అది 'ముఖానికి అద్దం పట్టు' లాంటి వాక్యం. అద్దం పట్టినప్పుడు చేతిలో ఉండేది అద్దం. ఆ లెక్కన చేతిలో ఉండాల్సింది సాన, కత్తి కాదు. మీరేమో ఉలిని పట్టుకుని సానకు ఆనిస్తున్నారు. పైగా తుప్పు పట్టడంలో, బూజు పట్టడంలో ఎవరూ దేన్నీ పట్టుకోరు. అన్నిచోట్లా 'పట్టు'కు ఒకే అర్థం చెప్పుకోగలమా?

* * *

చెప్పుకోలేమండీ. తుప్పు పట్టడంలో కర్త తుప్పే, దాన్ని పక్కన పెడదాం. విభక్తి మాట మాత్రం నేను అసలు ఆలోచించలేదు, మంచి ప్రశ్న వేశారు. నిన్నంతా దాన్నే తిప్పితిప్పి చూశాను. పొడవైన కత్తిని కదలకుండా ఉంచి, చిన్న సానరాయిని చేత్తో పట్టుకుని అంచు వెంట నడిపించే పద్ధతి ఉంది. అక్కడ మీరన్నట్టు అక్షరాలా కత్తికి సాన పట్టడమే. చిన్న వస్తువైతే దాన్నే తీసుకెళ్లి సానకు ఆనించాలి. 'వజ్రాన్ని సానపట్టారు' అని ద్వితీయ వాడడం అందుకే సహజంగా వినిపిస్తుందేమో. చేతిలో ఏది ఉన్నా వాలు తప్పకుండా పట్టి ఉంచాల్సిందే కాబట్టి నా పాఠంలో 'సానపట్టు' అలాగే ఉంచుతున్నాను. 'తిరిగేది సాన, నిలబడాల్సింది చెయ్యి' అన్న మాటను మాత్రం తిరిగే సానకే పరిమితం చేస్తున్నాను.

* * *

చట్రం అంటే నాకు నాలుగు పక్కలా కట్టిన కమ్మీలు కళ్లముందుకొస్తాయి. మీరు చెప్పే వస్తువు ఊతగా నిలబడేది కదా? 'ఆను' నుంచి వచ్చిన 'ఆనిక' వాడి చూడండి. ఇంతకీ పక్కకు జరగడం ఎలా ఆగింది?

* * *

ఆనిక! ఎన్నాళ్లుగానో వెతుకుతున్న మాట ఇచ్చారు. 'ఆనిస్తారు' అని నేనే రాసి కూడా దాన్ని చూడలేదు.

జరగడం గురించి: మొదట అయస్కాంతాలకూ రేకుకూ మధ్య పల్చని రబ్బరు పెట్టాను. రాపిడి పెరిగిన మాట నిజమే, కానీ మధ్యలో ఆ కాస్త ఎడం రాగానే లాగే బలం బాగా తగ్గి, ఆనిక మళ్లీ లేవడం మొదలైంది. రబ్బరు తీసేసి, ఆనికకు వెనక ఒకటి, పక్కన ఒకటి చొప్పున రేకులో రెండు మేకులు దిగ్గొట్టాను. ఇప్పుడు పైకి లేవకుండా సూదంటురాయి, పక్కకు పోకుండా మేకులు చూసుకుంటున్నాయి. ఒక్క జాగ్రత్త అవసరం. అయస్కాంతాలు అడుగునే ఉండాలి, ఉలికి దగ్గరగా రాకూడదు. ఉక్కు ఉలికి అయస్కాంత గుణం అంటితే మొన చుట్టూ ఇనుప రజను మీసాల్లా లేచి నిలబడుతుంది, తుడిచినా పూర్తిగా పోదు.

పాఠంలో 'చట్రం' అన్న చోటల్లా 'ఆనిక' అని మార్చేశాను. 'మడమ' దగ్గర మాత్రం ఇంకా తటపటాయిస్తున్నాను. ఉలి అడుగున ఉండే ఆ చిన్న వాలు పలకకు మీ వాడుకలో వేరే పేరుంటే చెప్పండి.