మైలవరం డ్యాములో మోటారు బోట్ల పందేలు: తెప్పలు, మిగతా పడవలు ట్రాక్‌లోకి రాకుండా ఎట్లా ఆపాలి?

పెన్నాగట్టు (ప్రశ్న)

సంక్రాంతి దాటినాక మైలవరం డ్యాములో చిన్న స్థాయి మోటారు బోటు పందేలు పెట్టాలని మా కమిటీ ఆలోచన. ఎనిమిది బోట్లు, అన్నీ 40 హెచ్‌పీ అవుట్‌బోర్డు ఇంజన్లవి. గంటకు 60 కిలోమీటర్ల దాకా పోతాయి. గట్టుకు సమాంతరంగా 800 మీటర్ల పొడవు, 120 మీటర్ల వెడల్పుతో అండాకారపు ట్రాక్ గీసినాం. గట్టు వైపు తప్ప మిగతా మూడు పక్కలా నీళ్లే.

చిక్కంతా మిగతా పడవలతోనే. వలలు వేసే తెప్పలు ఉంటాయి, మనుషుల్ని దాటించే మోటారు పడవలు ఉంటాయి, పందెం చూడ్డానికి నీళ్లలోకి దిగేవాళ్లు వేరే. గట్టు మీద నలుగురు పోలీసులుంటే చాలని కమిటీలో కొందరు. ఆ రోజంతా డ్యాములో తెప్ప దిగకూడదని ఆర్డరు తెస్తే గొడవే ఉండదని ఇంకొందరు. ఎవరి ఆర్డరు కావాలి, ఎంత దూరం మూయాలి, కాపలాకు ఎన్ని బోట్లు పెట్టాలి? తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండన్నా.

ఆర్డరు కాపీ (జవాబు)

ముందు కాగితాల సంగతి. నీళ్లు జలవనరుల శాఖవి, చేపల వేట మత్స్యశాఖ కిందిది, జనాన్ని ఆపే అధికారం మెజిస్ట్రేటుది. ఈ మూడూ వేరువేరు. జలవనరుల శాఖ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఇచ్చిన ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, చేతిలో పట్టుకుని తెప్పను ఆపబోతే "నువ్వెవరప్పా ఆపడానికి" అంటాడు. అడిగింది న్యాయమే.

ఆపడానికి పనికొచ్చేది పాత 144 సెక్షను. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 అయింది. కలెక్టరు గానీ సబ్ డివిజన్ మెజిస్ట్రేటు హోదాలో ఆర్డీవో గానీ ఇస్తారు. రెండు నెలలకు మించి అమల్లో ఉండదు, మీకు కావాల్సింది నాలుగు గంటలే కాబట్టి దిగుల్లేదు. ఆర్డరు మీరితే భారతీయ న్యాయ సంహిత 223 కింద కేసు. ఇంజన్ ఉన్న ప్రతి పడవకూ, పందేనికైనా కాపలాకైనా, 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెస్సెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషను, సర్వే, బీమా కాగితాలు అడుగుతారు. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినాక ఈ విషయంలో ఏ ఆఫీసరూ చూసీచూడనట్టు వదలడు.

ఆర్డరు వస్తే సరిపోదు, అందులో ఏం రాసి ఉందో ముఖ్యం. "జలాశయంలో పడవల రాకపోకలు నిషేధం" అని ఒక్క ముక్క రాసిస్తే ఎవరికీ అర్థం కాదు. నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు ఆఫీసు కాపీకి. రేవులో అంటించే కాపీకి గట్టు మీది గుర్తులు: ఫలానా తూము, ఫలానా గుడి, ఫలానా మెట్లు. ఇట్లా ఉంటే పనికొస్తుంది:

"ఫలానా తేదీ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు పసుపు డబ్బాల వరుస దాటి తెప్ప, పుట్టి (గుండ్రటి బుట్ట పడవ), మోటారు పడవ ఏదీ లోపలికి రాకూడదు. 10, 11, 12 గంటలకు పచ్చజెండా ఎత్తుతారు. అప్పుడు దాటొచ్చు. ముందురోజు సాయంత్రం ఆ హద్దులో వలలు వేయకూడదు. ఎర్రజెండా ఊపితే ఉన్నచోటే ఆగాలి."

వారం ముందు రేవుల్లో అంటించండి. ముందురోజు సాయంత్రం దండోరా. వాట్సాప్ గ్రూపులో పెట్టినాం కదా అంటే చాలదు, తెల్లారి మూడుకు నీళ్లలోకి పోయేవాడు గ్రూపు చూడడు.

అనంత నీళ్లు

ఇంత తతంగం ఎందుకు? రోజంతా మూసేయండి. నాలుగు గంటలు అని రాస్తే ఆరు గంటలు అవుతుంది, మధ్యలో దాటే దారి తెరిస్తే ఎవడో ఒకడు ఇరుక్కుంటాడు. ఒక్కరోజు వేట పోతే ఏం కాదు, కమిటీ తెప్పకు ఇంతని కూలి కడితే సరిపాయె.

లంగరు తాడు

రోజంతా మూయడం కాగితం మీద బాగుంటుంది. నీళ్ల మీద అది నిలవదు. ఎప్పుడు తెరుస్తారో తెలియనివాడు సందు చూసుకుని దూరతాడు. పదింటికి తెరుస్తారని తెలిసినవాడు తొమ్మిదీ ముప్పావుకు వచ్చి హద్దు దగ్గర కూర్చుంటాడు. రైల్వే గేటు కాడ జనం ఆగేది రైలు పోయినాక తీస్తారన్న నమ్మకంతోనే కదా.

అమెరికాలోనూ ఈ పద్ధతే. అక్కడ కోస్ట్ గార్డ్ ఇట్లాంటి పందేలకు ప్రత్యేక స్థానిక నిబంధనలు పెడుతుంది. కొత్త పందెమైతే నిర్వాహకులు 135 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. మూసే నీళ్ల హద్దులు, తేదీ, గంటలు ప్రచురిస్తారు. ఆ రోజు నీళ్ల మీద పెట్రోల్ కమాండర్ అని ఒక అధికారి ఉంటాడు. పందెం విరామాల్లో ఏ పడవను అలలు లేవకుండా నెమ్మదిగా దాటనివ్వాలో ఆయనే చెప్తాడు. మీ కమిటీ కూడా ఆ ఒక్క మనిషిని ముందే తేల్చుకోవాలి. ఎర్రజెండా ఎత్తించే మాట ఆయనొక్కడిదే. వేదిక మీది పెద్దమనుషులు ఎవరు చెప్పినా జెండా దిగకూడదు.

ఇక లెక్క. 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మీ ట్రాక్ చుట్టు రమారమి 1.7 కిలోమీటర్లు, అంటే 2 నిమిషాల లోపే బోట్లు తిరిగి వస్తాయి. తెడ్డు తెప్ప గంటకు 3 కిలోమీటర్లు పోతే గొప్ప, నిమిషానికి 50 మీటర్లు. ట్రాక్ వెడల్పు 120కి రెండు పక్కలా వదిలే ఖాళీ 150 చొప్పున కలిపితే 420 మీటర్లు. తెప్పకు అది దాటడానికి ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది. కాబట్టి ప్రతి తెరుపూ 15 నిమిషాలు ఉండాలి, అందులో మొదటి 5 నిమిషాల్లో వచ్చినవాళ్లనే లోపలికి వదలాలి. గాలి ఎదురైతే తెప్ప వేగం రెండుకు పడిపోతుంది, అప్పుడు కాపలా బోటు తాడేసి లాగాలి. దాటే దారి ఒక్కటే పెట్టండి, తిన్నటి భాగం నడుమ, అడ్డంగా. మలుపుల దగ్గర వద్దు.

పక్కల 150 మీటర్లు చాలు. మలుపుల అవతల మాత్రం 300 వదలండి. అదుపు తప్పిన బోటు మలుపు లోపలికి రాదు, తిన్నగా బయటికే దూసుకుపోతుంది. చూసే జనం కూడా సరిగ్గా అక్కడికే ఎగబడతారు, మలుపులో బోట్లు ఒరిగేది బాగా కనబడుతుందని. జనాన్ని గట్టు వైపు తిన్నటి భాగానికి ఎదురుగా, గట్టు మీదే పెట్టండి. నీళ్లలో ప్రేక్షకుల పడవ ఒక్కటి కూడా వద్దని నా మాట. ఒక పడవకు లంగరు పట్టు జారిందంటే మిగతావాటిని గుద్దుకుంటూ పోతుంది.

కిల్ స్విచ్ తాడు కాలికో జాకెట్టుకో కట్టుకోని వాణ్ణి జెట్టీ దాటనివ్వొద్దు. మనిషి ఎగిరి నీళ్లలో పడితే తాడు లాగి ఇంజన్ ఆగుతుంది. తాడు లేదంటే ఖాళీ బోటు గుండ్రంగా తిరుగుతూ ఆ మనిషి మీదికే వస్తుంది, లేకపోతే హద్దు దాటి తెప్పల మధ్యకు పోతుంది. అప్పుడు మీ 150 మీటర్లు ఎందుకూ పనికిరావు.

కాపలాకు పొడుగు పక్క మలుపుల అవతలితో కలిపి 1400 మీటర్లు. 350 మీటర్లకు ఒకటి చొప్పున నాలుగు, రెండు కొసలకు ఒక్కోటి. అవి ఆరు. మలుపుకొకటి చొప్పున రెండు రెస్క్యూ, డాక్టరుతో ఒకటి. మొత్తం తొమ్మిది.

పెన్నాగట్టు

పందెం బోట్లు ఎనిమిది, కాపలా బోట్లు తొమ్మిదా! అన్ని యాడ నుంచి తెచ్చేదన్నా?

లంగరు తాడు

తెప్పలవాళ్ల మోటారు పడవలే అద్దెకు తీసుకోండి. ఆపాల్సిన మనుషులు వాళ్లకు పేరు పెట్టి పిలిచేంత తెలుసు, యూనిఫారం కంటే ఆ పిలుపుకు తొందరగా ఆగుతారు. పడవకు ఇద్దరు, లైఫ్ జాకెట్లు, ఎర్రజెండా, పచ్చజెండా, విజిల్, వాకీటాకీ. 446 మెగాహెర్ట్జ్ వాకీటాకీలకు లైసెన్సు అక్కర్లేదు, నీళ్ల మీద అడ్డం ఉండదు కాబట్టి ఈ దూరానికి సరిపోతాయి. అయినా ఇంజన్ మోతలో మాట వినబడదు, అందుకే జెండానే అసలు, వాకీటాకీ దానికి తోడు.

ఒక తిరకాసుంది. తెడ్డు తెప్పను ఈ పడవలు ఆపగలవు. గంటకు 15 పోయే మోటారు పడవ చొరబడితే 150 మీటర్ల ఖాళీని 36 సెకన్లలో దాటేస్తుంది. అదే వేగమున్న కాపలా పడవ 175 మీటర్ల (350లో సగం) దూరం నుంచి రావడానికి 42 సెకన్లు. అంటే ఆలస్యమే. అందుకని కాపలా పడవ హద్దు మీద కాకుండా హద్దుకు 70, 80 మీటర్లు బయట నిలబడాలి. మోటారు పడవలు బయల్దేరే రేవు దగ్గర మాత్రం వేగంగా పోయేది ఒకటి పెట్టండి. ఎర్రజెండా ఎత్తకుండా కాపలా పడవ ఎవర్నీ తరుముతూ ట్రాక్‌లోకి పోకూడదు. ట్రాక్‌లో ఒక్క తెప్ప ఉన్నచోట రెండు పడవలవుతాయి, అంతే.

అంతకీ కుదరకపోతే ట్రాక్‌ను 500 మీటర్లకు కుదించండి, పొడుగు పక్క 1100కు దిగి ఒక కాపలా పడవ తగ్గుతుంది. దూరం తగ్గించండి, ఖాళీ తగ్గించొద్దు.

తూము కాడ

నీళ్ల కింద ఏముందో ఎవరూ మాట్లాడలేదు. డ్యాము తగ్గినప్పుడు అంచులో సర్కారు తుమ్మ మొలుస్తుంది, నీళ్లొస్తే మునిగి మోడై నిలబడుతుంది. పైకి కనబడదు. ట్రాక్ మొత్తం, దాని పక్క ఖాళీ కూడా, ఫిష్ ఫైండరుతో (నీటి లోతు చూపే పరికరం) గానీ గుండు కట్టిన తాడుతో గానీ 10 మీటర్లకోసారి లోతు చూడండి. రెండున్నర మీటర్ల లోపు ఎక్కడున్నా ట్రాక్ జరపాల్సిందే. గండికోట రిజర్వాయరులో పెట్టాలనుకునేవాళ్లకైతే ఇంకా కష్టం, అక్కడ ఊళ్లకు ఊళ్లే మునిగినాయి.

నీటి మట్టం కూడా చూసుకోవాలి. పైన గండికోట నుంచి వదిలినా, కింద కాలువలకు తీసినా మట్టం మారుతుంది. 2018 నవంబరులో విజయవాడలో ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోటు పందేలు జరిగింది ప్రకాశం బ్యారేజి పైన నిలిచిన నీళ్లలో, అక్కడ ఈ బెడద తక్కువ. మీరు పందెం రోజుకూ ముందు రెండు రోజులకూ మట్టం కదలకుండా ఈఈని రాతపూర్వకంగా అడగండి.

హద్దు గుర్తులకు ఇనుప డ్రమ్ములు వాడొద్దు, బోటు తగిలితే చీలిపోతుంది. ట్రాక్ మలుపులకు గాలి నింపిన నారింజ బోయాలు (నీటి మీద తేలే గుర్తులు), బయటి హద్దుకు పసుపు ప్లాస్టిక్ డబ్బాలు. రంగులు కలిస్తే పందెగాడు హద్దు డబ్బానే మలుపనుకుని తిప్పేస్తాడు. తెప్పలో కూర్చున్నవాడి కన్ను నీటికి మీటరు ఎత్తు కూడా ఉండదు, కాబట్టి 100 మీటర్లకొక డబ్బా, దాని మీద చిన్న జెండా. మీ లెక్కకు 22, 23 పడతాయి.

తాడు విషయంలో చాలామంది బోల్తా పడతారు. 12 మీటర్ల లోతుకు 18 మీటర్ల తాడు వదిలితే బోయా ప్రతి దిక్కుకూ 13 మీటర్లు కొట్టుకుపోతుంది, గాలి మారితే మలుపు చోటే మారిపోతుంది. తాడును బోయా కింది రింగులోంచి దూర్చి అవతలి కొసకు ఐదారు కిలోల బరువు వేలాడగట్టండి. వదులంతా అదే కిందికి లాగేస్తుంది, మట్టం కొంచెం మారినా సర్దుకుంటుంది. నైలాను తాడే వాడాలి. ప్లాస్టిక్ తాడు తేలి ప్రొపెల్లరుకు చుట్టుకుంటుంది. లంగరుకు 50 కిలోల ఇసుక మూట నీళ్లలో 31 కిలోలే బరువు తూగుతుంది, కడప బండ ముక్కలైనా అంతే. ఇనుప తుక్కు అయితే 43 దాకా నిలుస్తుంది. పెద్ద బోయాకు రెండు మూటలన్నా కట్టండి.

వలలు సాయంత్రం వేసి తెల్లారి తీస్తారు. తొమ్మిదికి మూయాలంటే ఎనిమిదికల్లా అన్నీ పైకి రావాలి. ఆ తర్వాత రెండు పడవల మధ్య తాడు కట్టి, నడుమ నడుమ రాళ్లు వేసి, మీటరు లోతున ట్రాక్ అంతా ఈడ్చండి. తెగిపోయి వదిలేసిన వలలు అప్పుడు దొరుకుతాయి. తేలే థర్మాకోల్ ముక్కలు, ఖాళీ నీళ్ల సీసాలు కనబడితే వాటి కింద వల ఉందనే లెక్క.

కర్నూలు పుట్టి

ఇది చదివి సంగమేశ్వరం వైపు శ్రీశైలం వెనుక జలాల్లో పెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. అవతలి గట్టు సోమశిల, తెలంగాణ. నంద్యాల కలెక్టరు ఆర్డరు అక్కడి రేవులో చెల్లదు. రెండు జిల్లాల నుంచీ ఒకే గంటలతో రెండు ఆర్డర్లు కావాలి, లేదంటే సగం నది మూసినట్టే. పుట్టి తెప్ప లాంటిది కూడా కాదు, బోటు లేపిన అలకు గిర్రున తిరిగి నీళ్లు పట్టేస్తుంది. దానికి 150 మీటర్లు తక్కువ, రెట్టింపు వదలండి.

ఆర్డరు కాపీ

అయిపోయినాక తెరవడం గురించి కూడా రాసుకోండి. ఒంటిగంట కొట్టింది కదా అని పచ్చజెండా ఎత్తకూడదు. ఎనిమిది బోట్లూ జెట్టీకి చేరినాయని పేర్లతో లెక్క చూసుకోవాలి. రెస్క్యూ పడవలు అన్నిటికంటే చివర రావాలి. లంగర్లు, తాళ్లు ఆ సాయంత్రమే పైకి తీసేయండి, ఒక్కటి మర్చిపోయినా ఆ రాత్రి వేసిన వల దానికే తగిలి చిరుగుతుంది. పెట్రోలు పోసుకోవడం గట్టు మీద, కింద ట్రే పెట్టి. నీళ్ల మీద క్యాన్లతో పోస్తుంటే చూసిన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చే ఏడు ఎన్‌ఓసీ రానివ్వడు.