అలర్జీ మందు మొదలుపెట్టాక మా కుక్క చిగుళ్లు పళ్ల మీదికి పెరిగిపోతున్నాయి, ఎవరికైనా ఇలా అయిందా?

బ్రౌనీ_వాళ్లమ్మ:
అందరికీ నమస్తే. మా బ్రౌనీ ల్యాబ్రడార్, ఆరేళ్లది. చర్మం అలర్జీ వల్ల ఒళ్లంతా గోక్కుని, కాళ్లు నాక్కుని నాక్కుని పచ్చిపుండ్లు చేసుకునేది, అందుకని డాక్టర్ గారు సైక్లోస్పోరిన్ క్యాప్సూల్స్ మొదలుపెట్టారు. తొమ్మిది నెలలైంది, ఇప్పటికీ రోజూ ఇస్తున్నాం. మొదట్లో కొన్నాళ్లు వాంతులయ్యాయి, తర్వాత సర్దుకుంది. దురద బాగా తగ్గి రాత్రిళ్లు అదీ నిద్రపోతోంది, మేమూ నిద్రపోతున్నాం.

మొన్న ఆడుకుంటుంటే దాని బంతి మీద రక్తం కనిపించింది. పెదవి ఎత్తి చూశాను. ముందు వరసలోని చిన్న పళ్లు సగం కనిపించడం లేదు, చిగుళ్లు ఉబ్బి వాటి మీదికి వచ్చేశాయి, పాలపళ్లు అప్పుడే మొలుస్తున్నట్టు కొనలు మాత్రం బయటికి ఉన్నాయి. కోరల చుట్టూ చిన్న చిన్న బుడిపెలు. వేలితో నొక్కితే గట్టిగానే ఉన్నాయి, బ్రౌనీ నొప్పి అని తల వెనక్కి లాక్కోలేదు. తిండి బాగానే తింటోంది గానీ నోరు విపరీతంగా వాసన వస్తోంది.

ఇది మందు వల్లేనా, కేన్సర్ లాంటిదేమైనానా అని రెండు రోజులుగా మనసు మనసులో లేదు. రేపటి నుంచి క్యాప్సూల్ ఆపేద్దామా అనిపిస్తోంది, ఆపితే మళ్లీ ఆ గోకుడు మొదలవుతుందేమోనని భయం. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సీజర్_నాన్న:
అమ్మా, కంగారు పడకండి, సొంతంగా మాత్రం ఆపకండి. మాకు వేరే మందుతో సరిగ్గా ఇదే జరిగింది. మా సీజర్‌కి కిడ్నీ సమస్యతో పాటు బీపీ ఎక్కువగా ఉంటే ఆమ్లోడిపిన్ ఇచ్చేవాళ్లం. కొన్ని నెలలకి చిగుళ్లు పెరగడం మొదలైంది, నేను వయసు మీద పడింది కదా, పళ్లకు గార పట్టి వాచాయేమో అనుకుని చాలా రోజులు పట్టించుకోలేదు, ఇప్పటికీ ఆ బాధ ఉంది నాకు. చివరికి డాక్టర్ గారు చూడగానే ఏ మందులు వాడుతున్నారని అడిగారు. ఆమ్లోడిపిన్ ఒక్కసారిగా ఆపితే బీపీ పెరిగి కంటి వెనక పొర ఊడి చూపు పోయే ప్రమాదం కూడా ఉందని చెప్పి, టెల్మిసార్టాన్ అనే వేరే బీపీ మందు మొదలుపెట్టి, బీపీ చూసుకుంటూ పాత మందు మెల్లగా తగ్గించారు. రెండు మూడు నెలల్లో చిగుళ్లు చాలావరకు వెనక్కి పోయాయి. వాడే మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి, పెదవి ఎత్తి ఫోటో కూడా తీసి పెట్టుకోండి. నెల తర్వాత తగ్గిందా పెరిగిందా అన్నది ఫోటో పక్కన ఫోటో పెట్టి చూస్తేనే తెలుస్తుంది, రోజూ చూసే కంటికి తేడా తెలియదు.

వెట్_పళ్లవైద్యం:
నేను పశువైద్యుణ్ణే, ఎక్కువగా పళ్ల కేసులు చూస్తాను. చూడకుండా ఇదే అని తేల్చలేను గానీ మీరు చెప్పిన వర్ణన మందు వల్ల పెరిగే చిగుళ్లకు దగ్గరగా ఉంది. ముఖ్యంగా మూడు రకాల మందులతో ఇది వస్తుంది: సైక్లోస్పోరిన్, ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మందులు, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్. ఫెనిటోయిన్ వాడే మనుషుల్లో చిగుళ్లు పెరుగుతాయని 1939లోనే రాశారు. కుక్కల్లో ఫెనిటోయిన్ వాడకం ఇప్పుడు దాదాపు లేదు కాబట్టి మేం చూసేవి మిగతా రెండూ.

చిగుళ్లలో కొల్లాజెన్ అనే నార పదార్థం ఎప్పటికప్పుడు తయారవుతూ, పాతది కరుగుతూ ఉంటుంది. ఈ మందులు ఆ లెక్కను తప్పిస్తాయి, కరగాల్సినది కరగక పేరుకుపోతుంది. అందుకే మీరు నొక్కితే గట్టిగా తగిలింది. పంటి మీద పాచి ఉంటే ఆ వాపు తోడై ఇంకా త్వరగా పెరుగుతుంది. ఆ వాసన సంగతి కూడా ఇక్కడే ఉంది. కుక్కల్లో పంటికీ చిగురుకీ మధ్య సందు మామూలుగా 3 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది, చిగురు పైకి పెరిగితే ఆ సందు లోతై వెంట్రుకలు, తిండి, బ్యాక్టీరియా అన్నీ అందులో దాక్కుంటాయి, బ్రష్ అక్కడిదాకా పోదు. అలాగే వదిలేస్తే కింద ఎముక కూడా దెబ్బతింటుంది.

మీ డాక్టర్ గారిని ముందుగా అడగాల్సింది డోసు గురించి. అలర్జీకి సైక్లోస్పోరిన్ మొదట రోజూ ఇచ్చినా, దురద అదుపులోకి వచ్చాక రోజు విడిచి రోజు, ఆ తర్వాత వారానికి రెండుసార్లకు తగ్గించడం చాలా కుక్కల్లో కుదురుతుంది. తొమ్మిది నెలలుగా రోజూ ఇస్తున్నారంటే తగ్గించే వీలుందేమో చూడాలి. ఫంగస్ కోసం కీటోకొనజోల్ కూడా ఇస్తున్నారా? అది సైక్లోస్పోరిన్‌ని రక్తంలో పెంచేస్తుంది, ఇస్తుంటే తప్పకుండా చెప్పండి. తగ్గించడం కుదరకపోతే దురదకు ఒక్లాసిటినిబ్ మాత్రలు, లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ లాంటి దారులున్నాయి, కాబట్టి చిగుళ్లు కావాలా చర్మం కావాలా అని మీరు తేల్చుకోవాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

మందు తగ్గాక కూడా బాగా పెరిగిన భాగం పూర్తిగా పోకపోతే మత్తు ఇచ్చి, పళ్లు శుభ్రం చేసి, ఎక్కువైన చిగురు కోసి సరిచేస్తాం. కోసిన ముక్క ల్యాబ్‌కి పంపించమని అడగండి. మందు అలాగే కొనసాగితే మాత్రం కోసినా మళ్లీ పెరుగుతుంది.

రాకీ_ఇల్లు:
పైన డాక్టర్ గారు ల్యాబ్ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా అక్కా. మా రాకీ బాక్సర్. ఈ జాతికి మందులేమీ లేకపోయినా చిగుళ్లు పెరిగే గుణం ఉంది, కాబట్టి నోరంతా కాస్త ఉబ్బుగా ఉంటే మాకు అలవాటే. కానీ ఒకసారి కుడివైపు ఒక పన్ను దగ్గర మాత్రం గడ్డ విడిగా పెరిగి ఆ పన్ను కొంచెం పక్కకు జరిగింది. అదీ అలాంటిదేలే అని ఊరుకోబోయాం, డాక్టర్ గారు ఒప్పుకోకుండా ముక్క తీసి పంపారు, అది కణితి అని తేలింది, త్వరగా పట్టుకున్నారు కాబట్టి ఆపరేషన్‌తో సరిపోయింది. బ్రౌనీకి నోరంతా ఒకేలా ఉందా, ఒక్కచోటే ఎక్కువగా ఉందా చూడండి. ఒక్కచోటే ఉన్నా, పన్ను కదులుతున్నా ఆగకండి.

బ్రౌనీ_వాళ్లమ్మ:
అందరికీ చాలా చాలా థాంక్స్, చదువుతుంటే సగం ప్రాణం లేచొచ్చింది. రెండు వైపులా ఒకేలా ఉంది, పళ్లు కదలడం లేదు. కీటోకొనజోల్ ఇవ్వడం లేదు. డాక్టర్ గారి దగ్గర టైమ్ తీసుకున్నాను. ఈలోపు బ్రష్ చేయొచ్చా, రక్తం వస్తుందేమోనని భయంగా ఉంది. మా పేస్టే వాడొచ్చా?

వెట్_పళ్లవైద్యం:
మనుషుల పేస్టు వద్దండి. కొన్నింటిలో తీపి కోసం వేసే జైలిటాల్ ఉంటుంది, అది కుక్కలకు విషం, పైగా అవి ఉమ్మేయవు, మింగేస్తాయి. కుక్కల కోసం చేసిన పేస్టు, లేదంటే ఉత్త తడి గుడ్డ వేలికి చుట్టి మెత్తగా తుడవండి. వాచిన చిగురుకి కొంచెం రక్తం రావడం మామూలే. నొప్పితో మూలిగితే మాత్రం ఆపేసి, డాక్టర్ చూశాక మొదలుపెట్టండి, బలవంతం చేస్తే ఆ తర్వాత నోరు ముట్టుకోనివ్వదు.

బ్రౌనీ_వాళ్లమ్మ:
రెండున్నర నెలల తర్వాత రాస్తున్నాను, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని. మందు వల్లే అన్నారు డాక్టర్ గారు. క్యాప్సూల్ రోజు విడిచి రోజుకు మార్చారు, నెల తర్వాత వారానికి రెండే. మొదటి వారం కాస్త గోక్కుంది, తర్వాత ఆగింది. మత్తు ఇచ్చి పళ్లన్నీ శుభ్రం చేశారు, కోరల దగ్గరి బుడిపెలు మాత్రం కోసి ల్యాబ్‌కి పంపారు, చెడ్డదేమీ లేదని వచ్చింది. ముందు పళ్లు ఆరూ మళ్లీ మొత్తం కనిపిస్తున్నాయి. రోజూ రాత్రి తడి గుడ్డతో తుడుస్తున్నాను, ఇప్పుడు గుడ్డ చేతిలోకి తీసుకోగానే తనే వచ్చి నా ఒళ్లో గడ్డం ఆనించి కూర్చుంటోంది.