ఇంటింటి సర్వేలో ప్రయాణ దూరం ఎలా అడగాలి?

ప్రశ్న

నమస్తే అండి. గుంటూరు జిల్లాలో 10 ఊళ్లలో 400 ఇళ్లకు ప్రయాణాల సర్వే చేయబోతున్నాం. "పనికి ఎన్ని కిలోమీటర్లు వెళ్తారు?" అని అడిగి చూస్తే జవాబులన్నీ 5, 10, 15 అనే వస్తున్నాయి. మిరప కోతలకు ఆటోల్లో వెళ్లే ఆడవాళ్లయితే "ఏమో, దూరమే" అంటున్నారు. 2011 జనగణనలో వాడిన దూరం తరగతులు పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు 1

సరిపోదండి. జనగణనలో ఆ దూరాల పట్టిక 'ఇతర పనివారు' అనే వర్గానిది మాత్రమే. సొంత సేద్యం చేసేవాళ్లు, వ్యవసాయ కూలీలు అందులో లేరు, అంటే మీ మిరప కూలీలే లేరు. పైగా అక్కడి తరగతులు 2–5, 6–10, 11–20. ఉజ్జాయింపుగా చెప్పేవాళ్లు 7 కిలోమీటర్లున్నా 5 అంటారు, అది కింది తరగతిలో పడిపోతుంది. తరగతులు తప్పవనుకుంటే 3–7, 8–12 అని పెట్టండి. గుండ్రటి అంకె మధ్యలో ఉంటుంది.

అసలు కిలోమీటర్లు అడగకండి. చోటు పేరు, బయల్దేరిన వేళ, చేరిన వేళ, దేనిమీద వెళ్లారో అడగండి. 2019 జాతీయ టైమ్ యూజ్ సర్వేలో (రోజంతా ఏ పనికి ఎంత సమయం పట్టిందో అడిగే సర్వే) లాగా నిన్న తెల్లవారుజాము 4 నుంచి ఇవాళ 4 దాకా రాయించండి. ఎక్కడికి వెళ్లినా ఒక వరుస, తిరుగు ప్రయాణానికి ఇంకో వరుస:

5:40 ఇల్లు – 5:50 ఆటో ఎక్కేచోటు, నడక
5:50 – 6:05 ఎదురుచూపు
6:05 – 6:35 చేను, ఆటో

ఎదురుచూపు విడిగా రాయకపోతే ఆ పావుగంట కూడా ఆటో వేగంతో గుణించి, లేని దూరం కలిపేస్తారు.

జవాబు 2

ఇంటి దగ్గర జీపీఎస్ తీసేటప్పుడు వరండాలో కాదు, ఆకాశం కనిపించేచోట నిలబడాలి. ఫోన్‌లో ఖచ్చితత్వం 10 మీటర్లకు దిగేదాకా ఆగి, అప్పుడు సేవ్ చేయమనండి. చేనుకు పాయింటు దొరకకపోతే ఊరి మ్యాప్ చూపించి గుర్తు పెట్టించండి.

రెండు పాయింట్ల మధ్య వచ్చేది గాలిదూరం, అంటే తిన్నగా గీత గీస్తే వచ్చే దూరం. మీ ఊళ్లలోనే ఓ 30 జతలకు బండి మీటరుతో రోడ్డు దూరం కొలిచి, దాన్ని గాలిదూరంతో భాగించి మధ్యగతం (అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేరిస్తే నడిమికి వచ్చేది) తీయండి. అదే మీ గుణకం, మిగతా గాలిదూరాలను దానితో గుణించండి. ఇంకెక్కడిదో గుణకం అరువు తెచ్చుకోవద్దు. కాలవ అవతల చేను ఉంటే గాలిదూరం అర కిలోమీటరే, వంతెన చుట్టి వెళ్తే మూడు. అలాంటివి గుణకంతో కాదు, విడిగా కొలవాలి. ఆటో రెండో ఊళ్లో కూలీలను ఎక్కించుకుని వెళ్తుందా అని కూడా అడగండి. ఇంటికీ పనికీ మధ్య దూరం, మనిషి నిజంగా తిరిగిన దూరం వేరువేరు. రెండు కాలమ్‌లు పెట్టండి.

జవాబు 3

ఇంకో పెద్ద లోపం, ఇంటిపెద్ద ఒక్కరే అందరి తరఫునా చెప్పడం. కుళాయికి, రేషన్ షాపుకు, అంగన్‌వాడీకి నడిచినవన్నీ అక్కడే ఎగిరిపోతాయి. ఎవరి ప్రయాణం వాళ్లనే అడగాలి, ఆడవాళ్లను ఆడవాళ్లే అడిగితే ఇంకా మంచిది. "ఎక్కడికైనా వెళ్లారా?" అంటే "ఎక్కడికీ వెళ్లలేదు" అంటారు. నీళ్లకు, పశువులకు, కట్టెలకు, బడికి అని పేరుపేరునా అడగండి.

ఇళ్లను వారంలోని ఏడు రోజులకూ సమానంగా పంచండి, లేకపోతే సంత రోజు ఎక్కువో తక్కువో అవుతుంది. హైదరాబాద్ వెళ్లొచ్చిన ఒక్క మనిషి మీ సగటును లాగేస్తాడు. అందుకని మధ్యగతం ఇవ్వండి, 50 కిలోమీటర్లు దాటిన ప్రయాణాలకు గత నెల గురించి వేరే ప్రశ్న పెట్టండి. కోతల నెలల్లోనే సర్వే చేస్తే ఆ అంకెను 12తో గుణించి ఏడాదికి చెప్పకండి.